ఆమెన్ తరువాతి పేజీ

ఆ వానాకాలమంతా నేను ఒక అమెరికా ఆవిడ రాసిన సంగీతాన్ని ఇంకో అమెరికా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. మూడో అమెరికా ఆవిడ వచ్చి దాన్ని నా చేతుల్లోంచి తీసుకుపోబోయింది. ఈ ముగ్గురిలో మొదటి ఆవిడ ఒక్కదానిమీదే నాకు కోపం లేదు. ఆవిడ నేను పుట్టకముందే పోయింది, నన్ను బాధపెట్టే అవకాశం ఆవిడకు రాలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫయ్ ఆరో సంవత్సరం అది. బందరులో, పరాసుపేట దాటాక మా అమెరికా మిషను కాంపౌండు ఉండేది. ఆడపిల్లల బడి, గుడి, దొరల బంగళాలు, ప్రహరీగోడ నానుకుని పనివాళ్ళ ఇళ్ళు. మా నాన్న దైవాధీనం గుడిలో ఉపదేశి. దివిసీమలో మాలపేటలో పుట్టి, మిషను బడిలో చదువుకుని, పెళ్ళయ్యాక అమ్మను తీసుకుని బందరు వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. దొరగారు పిలవగానే ముందు 'చిత్తం' అనేసి, ఎందుకు పిలిచారో ఆ తరువాత కనుక్కునేవాడు. అమ్మ పేరు తాతమ్మ. బాప్తిస్మంలో ఎస్తేరు అని పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆవిడ పలికేది కాదు. నేను కృపావతిని. ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే చిన్నపిల్లలకు పాటలు చెబుతూ, ఆదివారం గుడిలో పియానో వాయించేదాన్ని.

పియానో అంటే బందరులో సుఖంగా బతికే వస్తువు కాదు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, వానాకాలం చెమ్మకి మెట్లు ఉబ్బి, నొక్కితే కిందికి పోయి మళ్ళీ పైకి లేవవు. అందుకని దాని పొట్టలో, కింది పలక తీసి, వానలున్నన్నాళ్ళూ ఒక లాంతరు సన్నగా వెలిగించి పెట్టేవాళ్ళం. చీమలెక్కకుండా నాలుగు కాళ్ళ కిందా కిరసనాయిలు పోసిన గిన్నెలు. లోపల వేపాకు. "పురిటాల్ని చూసుకున్నట్టు చూసుకుంటన్నారే ఈ శవపెట్టెని" అనేది అమ్మ. నల్లగా, పొడుగ్గా ఉంటుందని ఆవిడ దానికి ఆ పేరు పెట్టింది.

నాకు పియానో నేర్పింది విట్కం మిస్సమ్మగారు. జుట్టు నెరిసేదాకా బందరులోనే ఉన్న మనిషి. మున్షీ దగ్గర తెలుగు నేర్చుకోవడం వల్ల, చేపల మనిషితో బేరమాడినా పుస్తకం చదివినట్టే ఉండేది. ఆ యేడు ఆవిడ వేళ్ళ కణుపులు అల్లంకొమ్ముల్లా వాచిపోయి, పియానో మూత ఎత్తడానికి కూడా నన్ను పిలవాల్సి వచ్చింది. జూన్‌లో బడి తెరిచాక ఒకరోజు నన్ను బంగళాకి పిలిపించి, పియానో మీద కొన్ని పాత అచ్చు కాగితాలు పరిచింది.

"కృపా, ఇవి మా దేశపు సంగీతము. నా గురువు ఎడా ప్రెంటిస్ వ్రాసినది. ఎవరును దీనిని వాయింపరు. ఈమెను గూర్చి నేనొక పుస్తకము వ్రాయవలెనని ఉన్నది. కాని నా చేతులు చచ్చిపోయినవి. నీ చేతులు నాకు ఇచ్చెదవా?"

ఎందుకు వాయించరండీ అని అడిగాను. ఆవిడ చెప్పిందాంట్లో నాకర్థమైంది ఇది. వాళ్ళ దేశంలో గొప్ప సంగీతమంటే జర్మనీ నుంచి ఓడ దిగి రావాలట. తమ ఊళ్ళో పాలవాడికి, పాదిరిగారికి రోజూ ఎదురుపడే ఒక ఆడమనిషి కూచుని రాసిందంటే అది సంగీతమెట్లా అవుతుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు గదా. పైగా ఆవిడ రాసింది వినసొంపుగా లేదన్నారు. ఆవిడ సొంత ఖర్చుతో అచ్చు వేయించుకుని, తెలిసినవాళ్ళందరికీ పంచి, పోయింది. పుచ్చుకున్నవాళ్ళు పియానో బల్లల కింద పడేశారు.

నాకు ఆవిడ నచ్చింది. ఎవరూ వినకపోయినా రాసుకుంటూ కూచున్న మనిషి నచ్చకుండా ఎట్లా ఉంటుంది?

ఆ కాగితాల్లో పెద్దదాని పేరు 'ఆదివారం పెద్దవీధి'. మిస్సమ్మగారు వంకరవేలితో చూపించింది.

"ఈ కుడిచేతివైపు దేవాలయము. లోపల ప్రజలు కీర్తన పాడుచున్నారు. ఎడమచేతివైపు వీధి. ఊరిలో మంటలార్పువారి బ్యాండు వచ్చుచున్నది. మొదట దూరముగా. పిమ్మట దగ్గరగా. ఇక్కడ ఒక నిశ్శబ్దము. చాలా దీర్ఘము. ఈ చివరి పేజీలో రెండును ఒకదానినొకటి దాటిపోవును."

"రెండూ వేరే వేరే శృతులు గదండీ. ఒకేసారి ఎట్లా?"

"పీర్ల పండుగనాడు నీవు గుడిలో వాయించుచుండగా బయట డప్పులు ఆగినవా?"

ఆగలేదు. ఆగవు. కాని వినడం వేరు, వాయించడం వేరు. వినేటప్పుడు నాకు కావలసింది విని, అక్కర్లేనిది వదిలేస్తాను. వాయించేటప్పుడు కీర్తనా నేనే, డప్పులూ నేనే. మొదటి సగం ఎట్లాగో పట్టుబడింది. చివరి పేజీకి వచ్చేసరికి నా ఎడమచెయ్యి తన దారి వదిలేసి కుడిచేతి వెంట పడేది. ఎన్నో ఏళ్ళు కీర్తనలకు తాళం వేసిన చెయ్యి, కుడిచెయ్యి ఎటు వెళ్తే అటు వెళ్ళడమే దానికి తెలుసు. మా ఇంట్లో అందరం దొరగారి మాట విన్నట్టు.

"నీ ఎడమచెయ్యి నీ కుడిచేతికి దాసి కాదు, కృపా," అనేది మిస్సమ్మగారు. "వినకుము. ఒకదానిని ఒకటి విననీయకుము."

శ్రావణమంతా, భాద్రపదమంతా ఆ బంగళాలో ఇదే పని. బయట వాన, పియానో పొట్టలో లాంతరు, పక్కన ఆవిడ. ఒక్కొక్క వరస పది రకాలుగా వాయించమనేది, ఏది ఎడా ప్రెంటిస్ అనుకున్నదో, ఏది అచ్చువాడు చేసిన తప్పో ఇద్దరం వాదించుకునేవాళ్ళం, తేలిందాన్ని ఆవిడ రాసుకునేది. నేను బడి మెట్టు ఎక్కింది మొదలు ఎవరూ నా మాటకు అంత సేపు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పడమంటే మనిషిని లెక్కపెట్టడమే. అందుకే ఆవిడంటే నాకు ప్రాణంగా ఉండేది. తరువాత అంత కోపం రావడానికి కారణం కూడా అదే.

ఇంటి దగ్గర సాధనకి నాన్న ఒక ఉపాయం చేశాడు. మా ఇంట్లో పాత టేకుబల్ల చెక్క ఒకటుండేది. దాని మీద సున్నంతో తెల్లమెట్లు, దీపపు మసితో నల్లమెట్లు గీసిపెట్టాడు. నేను దాని ముందు కూచుని వేళ్ళు ఆడించేదాన్ని.

"ఏం వాయిస్తన్నావే?" అని అమ్మ చేట పట్టుకుని వచ్చి నిలబడేది.

"పెద్దవీధి."

"నాకు టకటక తప్ప ఏం ఇనపట్టంలా. పోన్లే, శవపెట్టె మోతకంటే ఇదే నయం."

నవంబరులో మిషను జూబిలీ. అమెరికానుంచి, మిషనుకి డబ్బు పంపే బోర్డు పెద్దలు వస్తున్నారు. "ఆ దినమున నేను ఎడా ప్రెంటిస్ గూర్చి మాట్లాడుదును. నీవు వాయింతువు. ఆమె సంగీతము మొదటిసారి మనుష్యులు విందురు," అని మిస్సమ్మగారు మాటిచ్చింది. నేను మా దివిసీమ చుట్టాలందరికీ కబురు పంపాను. సిగ్గులేకుండా పంపాను.

ఇక్కడ మా సంఘంలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఆరాధన మధ్యలో పాదిరిగారు సాక్ష్యాలకి పిలుస్తారు. ఎవరైనా లేవచ్చు. కూలివాడైనా, పిల్లలతల్లైనా లేచి, దేవుడు తనకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. లేచిన మనిషిని దొరగారు కూడా కూచోబెట్టకూడదు. చెప్పేవాడు మాట ఆపి ఊరుకున్నాడంటే అయిపోయిందని గుర్తు, జనమంతా ఆమెన్ అంటారు. ఆమెన్ పడ్డాక మళ్ళీ నోరెత్తకూడదు. వెంటనే కీర్తన ఎత్తుకుంటారు.

నాగాయలంక అవతల నుంచి తోమాసు తాత వచ్చిన ఆదివారమంటే అందరికీ భయం. ఆయన సాక్ష్యం వరదలో గేదె తోక పట్టుకుని కొట్టుకుపోవడంతో మొదలై, ఆ గేదె ఈనిన దూడలన్నిటి మీదుగా నడిచేది. ఆ ఆశ్వయుజంలో ఒక ఆదివారం మూడో దూడ దాకా వచ్చాక ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఆ సందులో ఎవరో ఆమెన్ అనేశారు. ఆకలి మీదున్న సంఘమంతా అందుకుంది. కీర్తన మొదలైంది. తాత నోరు తెరుచుకుని నిలబడి, చేసేదిలేక కూచున్నాడు. తరువాత మా అరుగు మీద చేరి అమ్మతో ఒకటే గొడవ.

"నాలుగో దూడ సంగతి సెప్పనేలేదమ్మా తాతమ్మా. అసలు సాచ్చెం అదే. ముందియ్యన్నీ దానికోసం సెప్పుకొచ్చినయ్యే."

"దగ్గు ఆపుకోవాల్సింది మావా," అంది అమ్మ నవ్వాపుకుంటూ.

ఆ మరుసటి వారమే అమెరికానుంచి ఉత్తరం వచ్చింది, కార్యక్రమం మారింది. సంఘం మీద పెత్తనం హోబర్ట్ దొరగారిది. ఆయన నన్నేమీ పిలవలేదు. మిస్సమ్మగారే పిలిచి, కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"బోర్డువారు ఇక్కడి జనుల జీవితము చూడగోరుచున్నారు. బాలికలు బిందెలతో వచ్చి తెలుగు పాట పాడవలెను. నీవు ముందు నడువవలెను, పల్లెటూరి చీరకట్టుతో."

"పియానోనండీ?"

"హోబర్ట్ దొరసానిగారు వాయింతురు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏం వాయిస్తారండీ అని అడిగాను.

"పెద్దవీధి," అంది మిస్సమ్మగారు. "నా ప్రసంగమును వారు ఒప్పుకొనిరి. కాని ఒక తెలుగు బాలిక పియానో వాయించుట చూచిన యెడల, మేము పంపిన చందా దీనికా అని బోర్డువారు అడుగుదురని హోబర్ట్ దొరగారి భయము. కృపా, సంగీతము వినబడుటయే ముఖ్యము. ఎవరి చేతులైన నేమి?"

"మరి ఈ వానాకాలమంతా ఎవరి చేతులండీ?"

ఆవిడ పియానో మీది కాగితాలు తీసి నా చేతికిచ్చి, వీటిని దొరసానిగారికి ఇచ్చి, చివరి పేజీ నేర్పిరమ్మంది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ దానమిచ్చింది ఆవిడ. పోయింది నా సొమ్ము. దాన్ని మోసుకెళ్ళి అప్పజెప్పాల్సింది కూడా నేనే.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళావని ఇప్పుడు అడగచ్చు. మా ఇల్లు మిషనుది, నాన్న జీతం మిషనుది, నా ఉద్యోగం మిషనుది. మాకు కోపం రావచ్చు గాని అది గడప దాటకూడదు.

హోబర్ట్ దొరసాని చెడ్డమనిషి కాదు. నాకు నిమ్మరసం ఇప్పించింది. బందరు ఎండ గురించి, వంటవాడి గురించి చాలాసేపు మాట్లాడింది. తరువాత కాగితాలు విప్పి వాయించింది. వేళ్ళు బాగానే తిరిగేవి. కాని చివరి పేజీ దగ్గర ఆగి, మొహం చిట్లించి, పెన్సిలు తీసింది.

"ఇది అచ్చుతప్పు అయి ఉండాలి. ఎడమచేతి శృతి కలవడం లేదు."

"తప్పు కాదండీ. అట్లాగే రాశారావిడ."

"ఎవరైనా కావాలని ఇట్లా రాస్తారా?" అని నవ్వి, ఆవిడ ఎడమచేతి స్వరాలన్నీ దిద్దుకుంటూ పోయింది. మంటలార్పేవాళ్ళ బ్యాండు బుద్ధిగా గుడిలోకి వచ్చి, కీర్తనకు తాళం వేసుకుంటూ కూచుంది. వాయించి చూసుకుని, అదీ నచ్చక, నిశ్శబ్దం దగ్గర అడ్డంగా ఒక గీత కొట్టింది. "ఇక్కడితో ముగిస్తే సరి. వినేవాళ్ళకీ హాయి."

మా మిస్సమ్మగారు వానాకాలమంతా వెతికిన పేజీ ఆ గీతకి అవతల పడిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కొరుకుతున్నావా అని అడిగాడట. ఈ దొరసానికి చెవులు శుభ్రంగా ఉన్నాయి, అదే నా బాధ. తన దేశం సంగీతం ఎదుటికొస్తే ఆవిడ దాన్ని పోల్చుకోలేదు. నేను పోల్చుకుంటే, నీకెందుకు, బిందె మొయ్యి అన్నారు.

ఇంటికి వచ్చి చెప్పాను. నాన్న తలవంచుకుని విన్నాడు. "పోనీలే అమ్మా. మనకి చదువు చెప్పింది వాళ్ళే గదా," అన్నాడు.

అమ్మ చేపలు తోముతోంది. కత్తిపీట పక్కకి నెట్టి లేచింది.

"బిందె మొయ్యటానికా? దాన్ని బళ్ళో ఎందుకేశాం? బిందె మొయ్యటం మా అమ్మకి రాదా, నాకు రాదా? దానికి బళ్ళో నేర్పాలా?"

"మెల్లగా మాట్లాడు తాతమ్మా. దొరగారి బంగళాకి వినపడుద్ది."

"ఇనపడనియ్యి."

 చేతులు కడుక్కుని వచ్చి, అమ్మ టేకుబల్ల చెక్క తీసి నా ముందు పెట్టింది.

"కాయితాలు ఆవిడ దగ్గరున్నయ్యిగా. నీకు ఎంతవరకు వచ్చు?"

"అంతా వచ్చు. చివరి పేజీ ఒక్కటే చేతులు కలిసిపోతున్నాయి."

"మరి కూచుని ఇడగొట్టు," అంది.

జూబిలీనాడు గుడి కిక్కిరిసింది. దివిసీమ నుంచి మా చుట్టాలు పులిగడ్డ దగ్గర ఏరు దాటి, బళ్ళ మీద, నడిచీ వచ్చారు. ముందు వరసలో బోర్డు పెద్దలు, దొరలు, దొరసానులు. మిస్సమ్మగారు ఆ వరసలోనే చివర. బిందెల పాట, పియానో సాయంత్రం. పొద్దున ఆరాధన. నేను పల్లెటూరి చీరకట్టులోనే గుడిలోకి వచ్చి, బిందెలు గోడవార పెట్టించి, పిల్లలతో కూచున్నాను. కీర్తనలకు పియానో దగ్గర ఆ పూట ఎవరూ లేరు. పియానో ముందు నన్ను పెద్దల కంట పడనీయకూడదని వట్టి గొంతులతోనే పాడించారు.

సాక్ష్యాలకు పిలిచినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచింది. ఆవిడ జన్మలో సాక్ష్యం చెప్పలేదు. నాన్న మొహం పాలిపోయింది.

"దేవుడు నాకొక కూతుర్నిచ్చాడు," అంది అమ్మ. "దానికి చేతులిచ్చాడు. మిస్సమ్మగారు ఆ చేతులకి పని నేర్పారు. నా సాచ్చెం దాని చేతుల్లో ఉంది. కృపా, లేచి చెప్పు."

అంతే. వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపి, తిన్నగా పియానో దగ్గరికి నడిపించింది. మూత తనే ఎత్తి, నల్లటి ఆ పెట్టె మీద చెయ్యి వేసి, కాపలావాడిలా పక్కన నిలబడింది. హోబర్ట్ దొరగారు సగం లేచారు. లేచిన మనిషిని ఆపకూడదని ఆయనకీ తెలుసు, బోర్డు పెద్దలు చూస్తున్నారనీ తెలుసు. మళ్ళీ కూచున్నారు.

నేను మొదలుపెట్టాను. దూరంగా కీర్తన, దూరంగా బ్యాండు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పిల్లలు నవ్వారు. నేను చూడలేదు, తరువాత చెప్పారు. రెండూ దగ్గరికొచ్చాయి. వీధి మధ్యకి వచ్చాయి. నిశ్శబ్దం దగ్గరికి వచ్చి, చేతులెత్తి ఒళ్ళో పెట్టుకున్నాను.

దీర్ఘమైన నిశ్శబ్దం అది. ఎడా ప్రెంటిస్ కోరిన నిశ్శబ్దం. అమెరికాలో ఏ పెద్దవీధిలో దాన్ని అనుకుందో గాని, బందరు సంఘంలో నిశ్శబ్దమంటే సాక్ష్యం అయిపోయినట్టే. పాపం, వాళ్ళ తప్పు కాదు. మా చుట్టాలే, మా దివిసీమ వాళ్ళే, నన్ను చూసి పొంగిపోయి, గుడి కప్పు ఎగిరేట్టు అన్నారు.

"ఆమెన్."

హోబర్ట్ దొరగారు ఆ మాటకోసమే కాసుకుని ఉన్నారు. ఒక్క ఉదుటున లేచి కీర్తన ఎత్తుకున్నారు. దొరలు అందుకున్నారు, సంఘం అందుకుంది. గుడంతా నిలబడి పాడుతోంది. ఆమెన్ పడింది. ఇక నేను లేచి వెళ్ళి నా బిందె దగ్గర కూచోవాలి.

అమ్మ నా వైపు చూసింది. "అయిందా?" అంది.

"ఇంకో పేజీ ఉంది."

"ఉంటే మరి?"

నేను చేతులు మెట్ల మీద పెట్టాను. ఎదురుగా మా నాన్న ఉద్యోగం, మా ఇల్లు, నా బడి, అన్నీ కలిసి ఒకే శృతిలో నా మీదికి పాడుతున్నాయి. ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా లేచి నా వేళ్ళలోకి వచ్చింది. చివరి పేజీ మొదలుపెట్టాను. వాళ్ళ కీర్తన నేను వినలేదు. నా కుడిచేతి కీర్తనను నా ఎడమచెయ్యి వినలేదు. ఎవరి దారిన వాళ్ళు, ఎవరి శృతిలో వాళ్ళు, గట్టిగా, తడబడకుండా వీధి దాటారు. ఆ బ్యాండు నా చేతి కింద నడిచినంత ధీమాగా ఏ పెళ్ళిలోనూ ఏ బ్యాండూ నడవడం నేను చూడలేదు. మిస్సమ్మగారు నెలల తరబడి చెప్పినా లొంగని పేజీ అది. ఒళ్ళు మండితే గాని నాకు అర్థం కాలేదు. మంట ఉన్న మనిషే దాన్ని రాసి ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది.

వాళ్ళ కీర్తన ముందు అయిపోయింది. గుడి మూగబోయింది. అందులో నా ఎడమచేతి బ్యాండు ఒక్కటే దూరంగా, ఇంకా దూరంగా వెళ్ళిపోయింది. ఆపాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. అమ్మ ఒక్కతే, చెంప మీద కొట్టినట్టు, "ఆమెన్" అంది.

బోర్డు పెద్దాయన మిస్సమ్మగారి వైపు వంగి ఇంగ్లీషులో అడగడం నాకు వినిపించింది. "ఏ దేశపు సంగీతమిది? రష్యావాళ్ళదా?" ఆవిడ ఏం చెప్పిందో వినపడలేదు. ఏడుస్తోంది. సాయంత్రం హోబర్ట్ దొరసానికి తలనొప్పి వచ్చి, పియానో కార్యక్రమం మానుకున్నారు. బిందెల పాటకి నేను వెళ్ళలేదు.

మర్నాడు హోబర్ట్ దొరగారు నాన్ననీ నన్నూ పిలిపించారు. వచ్చే ఆదివారం నేను సంఘం ముందు నిలబడి, జూబిలీనాడు నేను చేసింది సాక్ష్యం కాదు, గర్వం అని చెప్పుకోవాలి. అంతటితో అంతా మరిచిపోతామన్నారు. ఆయన దృష్టిలో అది చాలా దయగల మాట.

నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చిత్తం అనలేదు. అనకపోవడం నేను గమనించాను, దొరగారు గమనించలేదు.

"సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం మన సంఘంలో లేదండీ," అన్నాడు నాన్న.

"ఆమెన్ చెప్పిన తరువాత ఆమె వాయించినది. అది సాక్ష్యము ఎట్లు అగును?"

నాన్న కట్టుకున్న చేతులు విడిచాడు. "తోమాసు నాలుగో దూడ సంగతి మనం విననే లేదు దొరగారూ. మనం ఆమెన్ అన్నాం గదా అని ఆ దూడ పుట్టకుండా పోలేదండీ."

అని, నడుముకి కట్టుకున్న గుడి తాళంచెవుల గుత్తి విప్పి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. నాకు "పద" అని సైగ చేశాడు. అంత వినయంగా ఒక ఉద్యోగం వదులుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బయటికి వచ్చాక వేపచెట్టు కింద నిలబడి, "మీ అమ్మకి నువ్వు చెప్పు. నావల్ల కాదు," అన్నాడు.

గుడివాడ దగ్గర ఒక జిల్లా బోర్డు బడిలో నాన్నకి పని చూస్తామని ఎరిగినవాళ్ళు మాటిచ్చారు. పామర్రు దాకా బందరు కాలువ మీద పడవ, అక్కణ్ణించి బండి. సన్నగా వాన పడుతోంది. కుండలు, తట్టలు ఎట్లా తడిసినా అమ్మ పట్టించుకోలేదు. టేకుబల్ల చెక్క మాత్రం చాపలో చుట్టి, మసి చెదరకుండా తన ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

పడవ కట్లు విప్పుతుండగా మిస్సమ్మగారు రేవులోకి వచ్చింది. గొడుగు పట్టుకోవడం ఆ చేతులకి కష్టంగా ఉంది. చంకలో మైనపుగుడ్డ చుట్టిన పొట్లం.

"కృపా, ఇవి తీసుకొనుము. ఆమె సంగీతము. ఇవి నీవి."

తీసుకోవచ్చు. ఇంకెవరైనా అయితే కళ్ళకద్దుకుని తీసుకునేవాళ్ళు. నేను ఆ పొట్లం వైపు చూశాను. అందులో చివరి పేజీ మీద పెన్సిలు దిద్దుబాట్లున్నాయి, నిశ్శబ్దం మీద గీత ఉంది. ఈవిడ ఆ గీత చూసి కూడా మాట్లాడలేదు.

"అక్కర్లేదండీ. నాకు వచ్చు."

"అక్కడ నీకు పియానో ఉండదు. మరచిపోదువు."

"మీ దగ్గరే ఉంచండి మిస్సమ్మగారూ. మీ దేశంలో ఎవరైనా నేర్చుకుంటామంటే వాళ్ళకి నేర్పండి. వాళ్ళకి రాదు గదా."

ఆవిడ ఆ వానలో అట్లాగే నిలబడింది. "నిజముగా మరచిపోదువు, కృపా," అంది మళ్ళీ, ఈసారి బతిమాలుతున్నట్టు.

"కోపం ఉన్నన్నాళ్ళూ మరిచిపోనండీ," అన్నాను.

సరంగు గెడ వేశాడు. పడవ కదిలింది.

ఇంతవరకూ ఒక్క స్వరం మరిచిపోలేదు.